65 దాటితే గడప లోపలే

2020 మే 1న కేంద్ర హోం శాఖ ఇచ్చిన ఉత్తర్వులో ఒక నిబంధన ఉంది. 65 ఏళ్లు పైబడినవారు, పదేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, దీర్ఘకాలిక జబ్బులున్నవారు నిత్యావసరాలకో వైద్యానికో తప్ప ఇల్లు కదలకూడదు. తర్వాత బజార్లు తెరుచుకున్నాయి, బస్సులు తిరిగాయి, సడలింపు మీద సడలింపు వచ్చింది. ఈ నిబంధన మాత్రం తర్వాత సలహా రూపంలోనైనా నెలల తరబడి కొనసాగింది. జూన్ 11న తిరుమలలో సామాన్య భక్తులకు దర్శనాలు మొదలైనా 65 దాటినవారిని కొండకు రావద్దన్నారు. కరోనాకు ఎక్కువగా బలైంది పెద్దవయసువాళ్లే కాబట్టి ఆ జాగ్రత్తలో తప్పు లేదు. తప్పల్లా అది ఎప్పటితో ముగుస్తుందో తేల్చకపోవడంలో, లోపలున్న మనిషిని పలకరించే బాధ్యత ఎవరిదో చెప్పకపోవడంలో ఉంది.

‘పెద్దవాళ్లు గట్టివాళ్లు, కుర్రాళ్లకంటే వాళ్లే బాగా తట్టుకున్నారు’ అనే మాట అప్పట్లో బాగా వినపడింది. దానికి ఆధారం లేకపోలేదు. అమెరికాలో వ్యాధుల నియంత్రణ సంస్థ సీడీసీ 2020 జూన్ నాటి సర్వేను ప్రచురించింది. ఆందోళన, కుంగుబాటు, మత్తు అలవాటు వంటి వాటిలో ఏదో ఒకటైనా ఉందన్నవారు 18-24 ఏళ్లవారిలో నూటికి 75 మంది దాకా ఉంటే, 65 దాటినవారిలో 15 మందే. కష్టసుఖాలు చూసిన తరం కదా, నిబ్బరం ఉంటుందని సరిపెట్టుకోవచ్చు. కాకపోతే అది ఆన్‌లైన్ సర్వే. ఇంటర్నెట్ వాడటం తెలియని, కళ్లు సరిగా కనపడని, మతిమరుపు ముదిరిన వృద్ధులు అందులోకి రారు. పైగా జూన్ అంటే ఇంకా తొలి నెలలే. ఇంగ్లండులో 50 దాటిన ఒకే బృందాన్ని ఏళ్ల తరబడి గమనిస్తున్న అధ్యయనం వేరే కథ చెప్పింది. కరోనాకు ముందు వాళ్లలో 12.5 శాతం మందికి చెప్పుకోదగ్గ కుంగుబాటు ఉండేది. 2020 జూన్-జులైకి అది 22.6 శాతమైంది, నవంబరు-డిసెంబరుకు 28.5కు చేరింది. ఇందులో జబ్బు భయం ఎంత, అయినవాళ్లు పోయిన దుఃఖం ఎంత, ఒంటరితనం ఎంత అని విడదీసి చెప్పడం కష్టం. అయినా ఒకటి తేలింది. నెలలు గడిచేకొద్దీ అలవాటు పడతారనుకుంటే, జరిగింది అందుకు పూర్తిగా విరుద్ధం.

మనవి ఉమ్మడి కుటుంబాలు, ఆ ఒంటరితనాలు పాశ్చాత్యులవి అనేవాళ్లున్నారు. నిజమే, మన దగ్గర ఒక్కరే ఉండే వృద్ధులు తక్కువ. కానీ లాక్‌డౌన్‌లో ఇల్లు నిండా మనుషులున్నా ఒక గదిలో ఆన్‌లైన్ క్లాసు, ఇంకో గదిలో ఆఫీసు మీటింగు. తాతగారికి మాట కలిపే మనిషి రచ్చబండ దగ్గరో, పార్కు బెంచీ మీదో, గుడి మెట్ల మీదో ఉండేవాడు. ఆ మూడూ ఒకేసారి మూతపడ్డాయి. అమ్మమ్మలకైతే వంటింటి పని రెట్టింపైంది, దాన్నెవరూ బాధల్లో లెక్కవేయలేదు. పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్ల సంగతి మరీ కష్టం. 2020 మార్చిలో ఆగిన రోజువారీ అంతర్జాతీయ విమానాలు మళ్లీ మామూలుగా ఎగిరింది 2022 మార్చి 27నే. మధ్యలో ప్రత్యేక విమానాలున్నా వీసా చిక్కులు, క్వారంటైన్ దాటి రావాలి. అంత్యక్రియలకు 20 మందికి మించకూడదన్నారు. కర్మకాండ రోజుల్లో వచ్చి కూర్చునే బంధువులే మన దగ్గర దుఃఖానికి మందు, ఆ మందూ దొరకలేదు.

ఇదంతా లెక్కల్లోకి రాకపోవడానికి మరో కారణం, మన పెద్దలు ‘మనసు బాలేదు’ అనరు. ‘నిద్ర పట్టడం లేదు’, ‘అన్నం సయించడం లేదు’, ‘కాళ్లు లాగుతున్నాయి’ అంటారు. గుచ్చి అడిగితే ‘నాకేం, బానే ఉన్నా’ అంటారు. కరోనాకు ముందే, 2017-18లో వృద్ధాప్యంపై జరిగిన లాసీ జాతీయ సర్వేలో 60 దాటినవారిలో తమకు కుంగుబాటు ఉందని డాక్టరు చెప్పినట్టు తెలిపింది 0.8 శాతమే. లక్షణాలను అడిగి లెక్కవేస్తే 8.3 శాతం తేలింది. మామూలు రోజుల్లోనే పదింట తొమ్మిది కంటపడకపోతే, ఆసుపత్రుల ఓపీలు మూసిన రోజుల్లో ఎన్ని దాగి ఉంటాయి?

‘అయితే తలుపులు తెరిచి ప్రాణాల మీదికి తెచ్చుకోమంటారా?’ అన్నది గట్టి ప్రశ్నే. దానికి నెదర్లాండ్స్‌లో ఒక జవాబు దొరికింది. అక్కడ 2020 మార్చి 20న వృద్ధుల సంరక్షణ గృహాల్లోకి సందర్శకులను నిషేధించారు. మే 11న 26 గృహాల్లో ప్రయోగాత్మకంగా, ఒక్కొక్కరికి ఒక్క ఆత్మీయుణ్ణి జాగ్రత్తలతో అనుమతించారు. మొదటి వారాల్లో కొత్త కేసులు బయటపడలేదు. వృద్ధులు, బంధువులు, సిబ్బంది అందరూ మేలే జరిగిందన్నారు. ప్రతిచోటా, ప్రతి దశలో ఇది కుదురుతుందని కాదు, డెల్టా రకం వైరస్ ఉద్ధృతిలో అస్సలు కుదిరేది కాదు. కానీ పూర్తిగా మూసేయడానికీ పూర్తిగా వదిలేయడానికీ మధ్య దారి ఉందని రుజువైంది. మనకు ఆ దారి అప్పట్లో ఇంకా దగ్గరగా ఉండేది. ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో యాభై ఇళ్లకో వలంటీరు ఒకటో తారీకున పింఛను పట్టుకుని లాక్‌డౌన్‌లో కూడా గడప దాకా వెళ్లారు. డబ్బు చేతికిచ్చాక, అరుగు అవతలే నిలబడి ‘రాత్రి నిద్ర పడుతోందా, తాతా? మాత్రలు ఉన్నాయా? ఈ వారం ఎవరితో మాట్లాడావు?’ అని మూడు ప్రశ్నలు అడిగి, జవాబు అనుమానంగా ఉంటే ఏఎన్ఎంకు చెప్పమని ఉంటే, అందుకు కొత్తగా ఒక్క ఉద్యోగం కూడా అవసరమయ్యేది కాదు.