సముద్రం పక్కన ఇంకో సముద్రం!

పసిఫిక్ ఒడ్డున, జపాన్‌లోని మియాజాకిలో 1993లో కప్పు కింద ఇంకో సముద్రం కట్టారు! పేరు ఓషన్ డోమ్. పొడవు 300 మీటర్లు, వెడల్పు 100. అలలు యంత్రాలవి, పైకప్పు తెరిస్తే ఎండ. నాలుగు గోడల మధ్య ఉండే వాటర్ పార్కుల్లో ప్రపంచంలోనే పెద్దదిగా గిన్నిస్‌కెక్కింది. అప్పులోనూ తక్కువ తినలేదు. 2001లో దివాలా తీసేనాటికి రిసార్టు మొత్తం బాకీ సుమారు 27,600 కోట్ల యెన్లు. అమ్ముడుపోయింది 1,620 కోట్లకు! డోమ్ 2007లో మూతపడింది. పక్కనున్న అసలు సముద్రానికి టికెట్ లేదు మరి.

అదే ఆలోచన, కానీ కథ వేరు! బెర్లిన్‌కు దక్షిణాన గాలిఓడలు తయారుచేద్దామని ఓ కంపెనీ మహా షెడ్డు కట్టి 2002లో చేతులెత్తేసింది. పొడవు 360 మీటర్లు, ఎత్తు 107. నిలువెత్తు తాటిచెట్లు మూడు ఒకదానిపై ఒకటి నిలబెట్టినా కప్పు తగలదు! మలేసియా సంస్థ ఒకటి దాన్ని సుమారు 1.75 కోట్ల యూరోలకు కొని, ఇసుక పోసి, అడవి పెంచి 2004లో ట్రాపికల్ ఐలాండ్స్ తెరిచింది. బయట మంచు, లోపల 26 డిగ్రీలు. 2018లో దాన్ని అమ్మేందుకు కుదిరిన బేరం 22.6 కోట్ల యూరోలు!

గదుల్లో మొనగాడు మలేసియాలోని జెంటింగ్ కొండమీది ఫస్ట్ వరల్డ్ హోటల్. 7,351 గదులు! రాత్రికో గది చొప్పున పడుకుంటే అన్నీ పూర్తయ్యేసరికి 20 ఏళ్లు. చల్లగాలి ఒక్కటే అయితే అన్ని గదులు నిండవు లెండి, దేశంలో లైసెన్సున్న ఏకైక కాసినో ఆ కొండమీదే ఉంది.

మన హైదరాబాద్ శివారు రామోజీ ఫిల్మ్ సిటీదీ గిన్నిస్ రికార్డే. 1996లో మొదలైంది, 1,666 ఎకరాలు. షూటింగుల స్టూడియోనే టికెట్ కొని చూసే ఊరైంది!

ఎత్తులో ఒకనాటి రాజు కింగ్డా కా. అమెరికాలోని న్యూజెర్సీలో 139 మీటర్ల రోలర్ కోస్టర్. 2005లో లేచింది, 2025లో పేల్చి కూల్చేశారు. ఆయుష్షు 20 ఏళ్లు!

ఆయుష్షంటే డెన్మార్క్‌లోని బాకెన్‌ది. 1583లో మొదలైన వినోదాల పార్కు, లోపలికి నేటికీ ఉచితం. దానికన్నా ముసలిది జపాన్‌లోని కెయున్‌కన్ సత్రం. పుట్టింది 705లో! పెట్టుబడి వేడినీటి ఊట, నడిపింది ఒకే కుటుంబంలో 52 తరాలు.

దెబ్బతిన్నవాళ్లలో మొదటి బహుమతి జపాన్‌లోని యుబారి ఊరికే. 1960లో లక్షకు పైగా జనం, బొగ్గు గనులు. గనులు మూతపడుతుంటే వినోదాల పార్కులు, స్కీయింగ్ రిసార్టు అంటూ ఊరే అప్పు చేసింది. ఆశించినంతమంది పర్యాటకులు రాలేదు. 2007లో మునిసిపాలిటీయే దివాలా, బాకీ 3,530 కోట్ల యెన్లు! ఇప్పుడు జనం 7 వేలు దాటరు. అయినా ఆ ఊరి ఖర్బూజాకు తిరుగులేదు. 2019 వేలంలో రెండంటే రెండు కాయలు 50 లక్షల యెన్లు పలికాయి!