ఉద్యోగాలివ్వని ఆఫీసులో ఉద్యోగులేం చేస్తారు?

పదో తరగతి మెమో చేతికి రాగానే జిరాక్సులు తీయించుకుని, జిల్లా కేంద్రానికి బస్సెక్కి, ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజ్ ముందు క్యూ కట్టడం ఒక తరం తెలుగు కుర్రకారుకి తప్పనిసరి తంతు. ఆ కార్డుని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఇంట్లో పొలం కాగితాల పక్కన దాచేవారు. ఆ తర్వాత కాల్ లెటర్ కోసం పోస్ట్‌మేన్ దారి చూడటమే పని. ఇప్పుడు నమోదు ఆన్‌లైన్‌లో అయిపోతోంది. ఆఫీసు పేరూ బోర్డు మీద ‘జిల్లా ఉపాధి కల్పన కార్యాలయం’ అయింది. ఆ పేరే సగం అపార్థానికి మూలమని నా అనుమానం: ఉపాధి ‘కల్పించే’ చోటని రాసి ఉంటే జనం అక్కడికెళ్లి ఉద్యోగం అడగక ఏం చేస్తారు? లోపల కూర్చున్న జూనియర్ అసిస్టెంట్‌కీ, ఉపాధి అధికారికీ దశాబ్దాలుగా పడుతున్న చీవాట్లలో ఎక్కువ భాగం వాళ్లకి చెందాల్సినవి కావు.

అపోహ: కార్డు ఉంటే వరసలో ఎప్పటికైనా ఉద్యోగం వస్తుంది. రాలేదంటే లోపలివాళ్లు మన నంబరు దాటించి ఎవరికో ఇచ్చేశారు.

ఉద్యోగం ఇచ్చే అధికారం ఆ ఆఫీసుకి ఏనాడూ లేదు. పెళ్లిళ్ల పేరయ్య సంబంధం చూపిస్తాడు గానీ తాళి కట్టించలేడు. ఇదీ అంతే.

రెండో ప్రపంచ యుద్ధం ముగుస్తుండగా, సైన్యం నుంచి ఇళ్లకి తిరిగొచ్చే జవాన్లకీ, యుద్ధ పనులు ఆగి రోడ్డున పడ్డ కార్మికులకీ బతుకుదెరువు చూపడానికి 1945 జులైలో కేంద్రం ఒక డైరెక్టరేట్ పెట్టింది. దేశ విభజన తర్వాత కాందిశీకులొచ్చారు. 1948 నుంచి పని కావాలన్న అందరికీ తలుపులు తెరిచారు. 1952లో వేసిన శివరావు కమిటీ సిఫార్సులతో ఈ ఎక్స్ఛేంజ్‌ల రోజువారీ నిర్వహణ రాష్ట్రాలకి అప్పగించారు. అది అమలైన తేదీ 1956 నవంబరు 1. ఆంధ్రప్రదేశ్ పుట్టిందీ ఆ రోజే.

ఖాళీలని తప్పనిసరిగా తెలియజేయాలన్న చట్టం 1959లో వచ్చి, 1960 మే 1 నుంచి అమలైంది. ప్రభుత్వ రంగంలోని సంస్థలన్నీ, ప్రైవేటులో 25 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలు తమ దగ్గర ఖాళీ ఏర్పడితే ఎక్స్ఛేంజ్‌కి చెప్పాలని ఆ చట్టం అంది. చెప్పాలి, అంతే. ఎక్స్ఛేంజ్ పంపిన వాళ్లనే తీసుకోవాల్సిన బాధ్యత యజమానికి లేదని చట్టం నాలుగో సెక్షన్లోనే రాసి పెట్టారు. ఇంకో విచిత్రం చూడండి. ఈ ఆఫీసు పేరు చెబితే మన వాళ్లకి గుర్తొచ్చేది అటెండరు, వాచ్‌మన్, స్వీపరు పోస్టులే కదా. సరిగ్గా అలాంటి పోస్టులనే ‘నైపుణ్యం అక్కర్లేని ఆఫీసు పని’ అనే పేరుతో ఈ తప్పనిసరి లెక్కలోంచి చట్టం మినహాయించింది. మూడు నెలల లోపు పనులు, వ్యవసాయం, ఇంటిపని కూడా ఆ జాబితాలోనివే. పదోన్నతి మీద నింపేవీ, సర్వీస్ కమిషన్ పరీక్షలతో నింపేవీ అంతే.

‘మరి మా పెదనాన్నకి కార్డు మీదే వచ్చిందిగా?’ అంటారు. వచ్చే ఉంటుంది. చట్టం వదిలేసినా, తమ ఆఫీసుల్లో కింది స్థాయి పోస్టులకి ఎక్స్ఛేంజ్ పంపిన పేర్లలోంచే తీసుకోవాలని ప్రభుత్వాలు విడిగా ఉత్తర్వులిచ్చుకున్నాయి. అది తప్పేం కాదని సుప్రీంకోర్టు 1987లో హరగోపాల్ కేసులో ఒప్పుకుంది కూడా. కార్డుకి నిజంగా విలువున్న కాలం అదే. కథ మారింది 1996లో, అదీ మన కృష్ణా జిల్లా ఎక్సైజ్ శాఖ నియామకాల మీద నడిచిన విశ్వేశ్వరరావు కేసులో. ఎక్స్ఛేంజ్ నుంచి పేర్లు తెప్పించుకోండి, దాంతో పాటు పత్రికల్లోనూ ప్రకటించండి, రేడియోలో, టీవీలో చెప్పండి, దరఖాస్తు చేసిన వాళ్లందర్నీ పరిశీలించండి అంది సుప్రీంకోర్టు. పేరు పంపలేదన్న ఒక్క కారణంతో అర్హుణ్ని గేటు బయట నిలబెట్టడం న్యాయం కాదన్నది దాని సారం. నాకు ఆ తీర్పు సబబే అనిపిస్తుంది. కానీ ఆ రోజు నుంచి కార్డు ఒక్కటే దారి కాకుండా పోయిందన్న సంగతి ఊళ్లలో ఎవరూ విడమర్చి చెప్పలేదు. నోటిఫికేషన్లు, పరీక్షలు, మెరిట్ జాబితాలు వచ్చేశాక కూడా కార్డు మీద ఆశ బీరువాలోనే ఉండిపోయింది. తిట్లు మాత్రం కౌంటర్ దగ్గరికొచ్చాయి.

2020 నాటి సామాజిక భద్రతా కోడ్ ఈ 1959 చట్టాన్ని తనలో కలిపేసుకుంది. అందులో ఈ ఆఫీసుల పేరు ‘కెరీర్ సెంటర్’. కోడ్‌ని 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి తెచ్చారు. పేరు మారినా ఖాళీ చెప్పాలి, అక్కడి నుంచే తీసుకోవాలని మాత్రం లేదు అన్న సూత్రం అలాగే ఉంది.

అపోహ: ఖాళీలే రానప్పుడు అక్కడి స్టాఫ్‌కి పనేముంటుంది? ఖాళీగా కూర్చుని జీతం తీసుకోవడమే.

ఒక్క ఖాళీ వచ్చినప్పుడు ఏం జరుగుతుందో చూద్దాం. ఏదో కంపెనీ నుంచి ‘కరెంటు పని తెలిసిన కుర్రాడు కావాలి’ అని ఒక్క వాక్యం వస్తుంది. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ వేరు, వైర్‌మన్ వేరు. వాళ్లకి కావాల్సింది మోటార్లు చుట్టేవాడా, ప్యానెల్ బోర్డు చూసేవాడా, గోడల్లో వైరు లాగేవాడా? ఫోన్ చేసి అడగాలి. జవాబు వచ్చాక దాన్ని జాతీయ వృత్తుల వర్గీకరణలో సరైన కోడ్ కిందకి తేవాలి. ఈ వర్గీకరణ 1958లో మొదలై 1968, 2004, 2015ల్లో సవరణలు పొందింది. పాత నమోదుల్లో పాత కోడ్లున్నాయి, కొత్తవాటిలో కొత్తవి. కోడ్ తప్పు పడితే అర్హుడి పేరు తెర మీదకే రాదు. మీ కార్డు మీద అర్థం కాని అంకెల వరస ఒకటి ఉంటుందే, మీ పేరు బయటికి రావాలా వద్దా అనేది చాలావరకు దాని చేతిలోనే ఉంటుంది. నమోదు రోజున అయిదు నిమిషాలు ఎక్కువ తీసుకుని ‘ఇంకేం పని వచ్చు బాబూ, లైసెన్సుందా, టైపు వచ్చా?’ అని అడిగే గుమాస్తా మీద విసుక్కుంటాం. నిజానికి మనకి మేలు చేసేవాడు అతనే.

అదే సర్కారు ఆఫీసు నుంచి వస్తే చిక్కు ఇంకా ఎక్కువ. పోస్టు రిజర్వేషన్ల వరసలో ఏ రోస్టర్ పాయింట్ కిందది, మహిళకా, ఏ వర్గానికి, వికలాంగుల కోటాలోదా, వయసు సడలింపు ఎన్నేళ్లు, స్థానికత ఎక్కడిది, అన్నీ వడపోయాలి. మిగిలిన వాళ్లని నమోదు తేదీ ప్రకారం పేర్చి, ఒకరి ముందు ఇంకొకరు ఎందుకొచ్చారో రేపెవరైనా సమాచార హక్కు కింద అడిగితే చూపించగలిగేలా కాగితం తయారుచేయాలి. ఇంతా చేసి పంపితే ఫోన్లలో కొన్ని పనిచేయవు, ఉత్తరాల్లో కొన్ని ‘ఇల్లు మారారు’ అని తిరిగొస్తాయి.

బయటివాళ్లకి అసలే కనపడని పని ఒకటుంది. పాత చట్టం కింద ప్రతి మూడు నెలలకీ సంస్థలు ‘ఈఆర్-1’ అనే రిటర్ను పంపాల్సి ఉండేది: ఎంతమంది పనిచేస్తున్నారు, ఖాళీలెన్ని, వాటిలో ఎక్స్ఛేంజ్‌కి చెప్పినవెన్ని. ఎవరూ వాళ్లంతట వాళ్లు పంపేవారు కాదు. ‘సార్, మీ మార్చి రిటర్ను ఇంకా రాలేదండీ’ అని ఉపాధి ఆఫీసు నుంచి ఫోన్. ‘పంపిస్తామండీ, ఆడిట్ నడుస్తోంది’ అని అవతలి నుంచి జవాబు. జూన్‌లోనూ ఇదే సంభాషణ, సెప్టెంబరులోనూ ఇదే. సంస్థకెళ్లి రికార్డులు చూసే అధికారం ఉంది. కేసు పెట్టాలంటే మాత్రం పైనుంచి అనుమతి రావాలి. అన్నీ దాటుకుని కోర్టుకెళ్లి గెలిస్తే పడే జరిమానా మొదటిసారి 500 రూపాయల దాకా, ఆ తర్వాత 1,000 దాకానే ఉండేది. ఇది 1959 నాటి రేటు. చట్టం ఉన్నన్నాళ్లూ దాన్ని పెంచిన నాథుడు లేడు. కంపెనీ మేనేజరు ఒక పూట టీ ఖర్చుకి భయపడి ఖాళీలు చెప్పేవాడా? ఖాళీలు రాకపోవడానికి కారణం వెతకాల్సింది ఇక్కడ.

అపోహ: ఎక్స్ఛేంజ్‌లో నమోదైన పేర్ల లైవ్ రిజిస్టర్‌లో ఇన్ని లక్షల మందంటే మన దగ్గర అంతమంది నిరుద్యోగులన్నట్టే.

రాజకీయ ప్రసంగాల్లో తరచూ వినపడే మాట. రిజిస్టర్‌లో చదువుకుంటున్న పిల్లలుంటారు, ప్రైవేటులో పనిచేస్తూ మెరుగైన దాని కోసం చూసేవాళ్లుంటారు, ఎప్పుడో ఉద్యోగం వచ్చినా పేరు తీయించుకోని వాళ్లుంటారు. మరోపక్క అసలు నమోదే చేసుకోని నిరుద్యోగులు ఊరూరా ఉన్నారు. నిరుద్యోగ రేటు అని పత్రికల్లో వచ్చే అంకె ఈ రిజిస్టర్‌లోది కాదు. 2017 ఏప్రిల్ నుంచి జరుగుతున్న శ్రామికశక్తి సర్వేలోది.

అపోహ: నిరుద్యోగ భృతి అక్కడే ఇస్తారు. మనకి రాలేదంటే వాళ్లే తొక్కిపెట్టారు.

ఎక్స్ఛేంజ్ కార్డుకి భృతి హక్కుగా ముడిపడి లేదు. 2018 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ముఖ్యమంత్రి యువనేస్తంలో నెలకి 1,000 రూపాయలిచ్చారు. దానికి చదువు, వయసు, ఆదాయ షరతులు విడిగా ఉన్నాయి. కార్డు ఉంటే చాలనలేదు. ఇలాంటివి ప్రభుత్వం పెడితే ఉంటాయి, తీసేస్తే పోతాయి. గుమాస్తా సంతకంతో వచ్చేవీ కావు, ఆగేవీ కావు. ఈఎస్‌ఐ కట్టిన కార్మికుడి ఉద్యోగం పోతే వచ్చే సాయం ఇంకోటుంది. 2018 జులైలో మొదలైన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కింద గరిష్ఠంగా 90 రోజులకి జీతంలో పావు వంతు ఇచ్చేవారు, 2020లో దాన్ని సగానికి పెంచారు. అడగాల్సింది ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసులో. ఉపాధి ఆఫీసు కౌంటర్ దగ్గర దీని గురించి గొడవపడి లాభం లేదు.

అపోహ: జాబ్ మేళాలు ఉత్త హడావుడి.

దీన్ని పూర్తిగా అపోహ అనలేను. షామియానా, ఫ్లెక్సీ, ముఖ్య అతిథి ప్రసంగం, మర్నాడు పేపర్లో ‘ఇంతమంది ఎంపిక’ అని వార్త. ఎంపికైన వాళ్లలో ఎందరు చేరారు, చేరిన వాళ్లలో ఆరు నెలల తర్వాత ఎందరున్నారు అన్నది ఆ వార్తలో ఉండదు. జీతం హైదరాబాద్‌లో గది అద్దెకీ, మెస్సుకీ చాలకపోతే కుర్రాడు నెల తిరక్కుండా ఇంటికొచ్చేస్తాడు. అయితే మేళా పెట్టేది కూడా ఆ నలుగురైదుగురు స్టాఫే. కంపెనీలని బతిమాలి పిలవడం, జీతమెంతో ముందే రాయించుకోవడం, డిపాజిట్ అడిగే బాపతు సంస్థల్ని గేటు దగ్గరే ఆపడం వాళ్ల పనే. వెళ్లేవాళ్లు ఒకటి చేయొచ్చు. జీతం చేతికెంత, పని ఏ ఊళ్లో, ఆఫర్ కాగితం ఎవరి పేరు మీద, కంపెనీదా లేక మధ్యలోని కాంట్రాక్టరుదా? ఈ మూడూ టేబుల్ దగ్గరే అడగండి.

అపోహ: ఎంతో కొంత ముట్టజెబితే పేరు పైకొస్తుంది.

నమోదుకి ఒక్క రూపాయి అక్కర్లేదు. ప్రభుత్వ ఉపాధి సేవ ఉచితంగా ఉండాలన్న అంతర్జాతీయ కార్మిక సంస్థ 88వ ఒప్పందానికి భారతదేశం 1959లోనే ఆమోదం తెలిపింది. 2015 జులైలో మొదలైన నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో కూడా నమోదు ఉచితమే. ‘ఎంప్లాయ్‌మెంట్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం, వెరిఫికేషన్ ఫీజు పంపండి’ అని వచ్చే ఫోన్ మోసగాళ్లదని తేల్చుకోవడానికి ఇంకే పరీక్షా అవసరం లేదు. ఆ ఆఫీసుకి వసూలు చేసే ఫీజే లేదు.

అపోహ: ఒకసారి పేరు రాయించుకుంటే జీవితాంతం ఉంటుంది.

మూడేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. గడువు దాటి వదిలేస్తే పాత సీనియారిటీ పోతుంది. దీని మీద కౌంటర్లో జరిగినన్ని తగాదాలు దేని మీదా జరగవు. నమోదు చేసినప్పుడు పదో తరగతి అయి, తర్వాత డిగ్రీ, ఐటీఐ, డ్రైవింగ్ లైసెన్సు ఏవొచ్చినా వాటిని విడిగా ఎక్కించుకోవాలి. లేకపోతే రికార్డులో మీరింకా టెన్త్ పాసే. ఫోన్ నంబరు మారితే గ్యాస్ ఏజెన్సీకీ బ్యాంకుకీ చెబుతారు కదా, ఇక్కడా చెప్పండి.