క్వార్టరు గడువు తీరాక: ఇల్లులేమి, సమాజపు నైతిక బాధ్యత

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైలు కోసం పుట్టిన ఊరు. పందొమ్మిదో శతాబ్దం చివర బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ (పాత తరం తెలుగువారి నోట బి.ఎన్.ఆర్.) ఇక్కడ జంక్షను కట్టి, కొద్ది ఏళ్లకే పెద్ద వర్క్‌షాపు నెలకొల్పి, పనివారి కోసం క్వార్టర్ల వరుసలు లేపడంతో, నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని ఉత్తర జిల్లాలైన గంజాం, విశాఖపట్నాల నుంచి తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఖలాసీ పనికీ, పట్టాల పనికీ, యంత్రాల పనికీ తరలివచ్చాయి. ఓల్డ్ సెటిల్‌మెంట్, న్యూ సెటిల్‌మెంట్, మథురాకాటి, నింపురా అనే పేర్లతో విస్తరించిన రైల్వే నివాస ప్రాంతాల్లో తరాలుగా తెలుగు వినిపిస్తూనే ఉంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాషల్లో చోటు కల్పించాలని నిర్ణయించడానికి ఇక్కడి తెలుగువారి సంఖ్యా, వారి పట్టుదలా ముఖ్య కారణాలు.

ఇంతకాలంగా పాతుకుపోయిన ఈ సమాజానికి ఒక విచిత్రమైన పరిమితి ఉంది. కాలనీలో నేల రైల్వేది, గోడలు రైల్వేవి, పైకప్పూ రైల్వేదే. ఉద్యోగం ఉన్నంతకాలం ఇల్లు ఉంటుంది, ఉద్యోగంతో పాటే ఇంటి మీద హక్కూ ముగుస్తుంది. ఇల్లు లేని మనుషుల పట్ల సమాజానికి ఏ బాధ్యత ఉంది, అది దయతో చేసే మేలా, తీర్చవలసిన బాకీయా అనే ప్రశ్నను పరిశీలించడానికి న్యూ సెటిల్‌మెంట్ లాంటి చోటు బాగా తోడ్పడుతుంది. ఎందుకంటే ఒక మనిషికి ఇల్లు ఉండటమూ లేకపోవటమూ అతని గుణగణాల మీద కాక నేలను పంచుకున్న పద్ధతి మీద ఆధారపడతాయన్న సంగతి ఇక్కడ దాపరికం లేకుండా కనబడుతుంది.

ఎవరు ఇల్లులేనివారు

భారత జనగణన లెక్క ప్రకారం పైకప్పు ఉన్న కట్టడంలో కాక రోడ్ల పక్కన, పేవ్‌మెంట్ల మీద, పెద్ద సిమెంటు గొట్టాల్లో, ఫ్లైఓవర్ల కింద, గుడి మండపాల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద బతికేవారు ఇల్లులేనివారు. వీరిని లెక్కించడానికి 2011లో ఫిబ్రవరి 28 రాత్రిని ప్రత్యేకంగా కేటాయించారు. ఆ లెక్కలో దేశమంతటా దాదాపు 17.7 లక్షల మంది తేలారు. 2001లో ఉన్న 19.4 లక్షల కంటే ఇది తక్కువే అయినా, పట్టణాల్లో మాత్రం వారి సంఖ్య 7.8 లక్షల నుంచి 9.4 లక్షలకు పెరిగింది. ఒకే రాత్రిలో, చీకటిలో, చోటు మార్చుకుంటూ ఉండే మనుషులను లెక్కపెట్టడం కష్టం కనుక అసలు సంఖ్య ఇంతకంటే ఎక్కువని ఈ రంగంలో పనిచేసేవారు చెబుతూనే ఉన్నారు.

రైల్వే ప్లాట్‌ఫారాన్ని జనగణన పేరుపెట్టి చెప్పడం గమనించదగ్గది. ఖరగ్‌పూర్‌లోని 1,072.5 మీటర్ల ప్లాట్‌ఫారం ఒకప్పుడు ప్రపంచంలోనే పొడవైనదిగా పేరు పొంది, 2013లో గోరఖ్‌పూర్‌కు ఆ స్థానం వదిలింది. ఇలాంటి జంక్షన్లలో రాత్రి తలదాచుకునేవారందరూ ఒక రకం మనుషులు కారు: పని వెతుక్కుంటూ వచ్చి అద్దె కట్టలేని కూలీలు, ఇంటి నుంచి పారిపోయి వచ్చిన పిల్లలు, పిల్లలు వదిలేసిన ముసలివారు, మతిస్థిమితం తప్పి ఊరు మరిచినవారు. వీరికి తోడు లెక్కలోకి రాని మరో వర్గం ఉంటుంది. రైల్వే నేల మీది బస్తీలో రేకుల కప్పు కింద, ఎప్పుడు నోటీసు అంటిస్తారో తెలియకుండా బతికే కుటుంబానికి జనగణన భాషలో ఇల్లు ఉన్నట్టే. కాని ఆ కప్పు మీద దానికి ఏ హక్కూ ఉండదు. రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి, సొంత ఊళ్లో తమవారెవరూ మిగలక, ఇక్కడ స్థలం కొనే స్తోమతు లేక ఊగిసలాడే కుటుంబం పరిస్థితీ దాదాపు ఇంతే. అందువల్ల ఇల్లులేమిని ఒక స్థితిగా కాక, పేవ్‌మెంటు నుంచి గడువు తీరిన క్వార్టరు దాకా సాగే మెట్ల వరుసగా అర్థం చేసుకోవాలి.

పడుకోవడానికి అనుమతి

ఈ మెట్లలో అట్టడుగు మెట్టు మీద ఉన్నవారు పోగొట్టుకునేది ఏమిటో జెరెమీ వాల్డ్రన్ అనే న్యాయతత్వవేత్త 1991లో రాసిన వ్యాసంలో చాలా సూటిగా వివరించాడు. మనిషి చేసే ప్రతి పనీ ఎక్కడో ఒకచోట జరగాలి. నిద్రకైనా, స్నానానికైనా, వంటకైనా కాలు మోపే చోటు కావాలి. సొంత నేల ఉన్నవారు ఆ పనులు తమ నేల మీద చేసుకుంటారు, అద్దెకున్నవారు అద్దె నేల మీద చేసుకుంటారు, ఏ నేలా లేనివారికి మిగిలేది అందరికీ చెందిన బహిరంగ స్థలమే. ఆ స్థలంలో కూడా పడుకోవడం, కడుక్కోవడం, వండుకోవడం నేరమని ప్రభుత్వం ప్రకటిస్తే, ఆ మనిషికి నిద్రపోయే స్వేచ్ఛ ఎక్కడా లేనట్టే. వాల్డ్రన్ వాదంలోని బలం ఇక్కడే ఉంది: ఇల్లులేమిని సాధారణంగా వస్తువుల కొరతగా భావిస్తారు, కాని అది స్వేచ్ఛ లేకపోవడం కూడా.

రైల్వే ఊళ్లో ఈ వాదం ఊహ కాదు, నేల పటంలో కనబడే నిజం. ఎటు చూసినా నేల రైల్వేదైన చోట, 1989 నాటి రైల్వే చట్టంలోని 147వ సెక్షను ప్రకారం అనుమతి లేకుండా రైల్వే స్థలంలోకి ప్రవేశించడం శిక్షార్హం కనుక, క్వార్టరూ టిక్కెట్టూ రెండూ లేని మనిషి ఎక్కడ నిలబడ్డా తప్పు చేస్తున్నవాడే అవుతాడు. ఇద్దరు ఒకే బెంచీ మీద తెల్లవార్లూ కూర్చున్నా, రైలు తప్పిపోయినవాడు ప్రయాణికుడు, రైలు ఎక్కే పని లేనివాడు అతిక్రమణదారు. వారిద్దరి మధ్య తేడా ప్రవర్తనలో లేదు, జేబులోని కాగితంలో ఉంది.

చట్టం చూపిన రెండు ముఖాలు

ఇల్లులేనివారిని చట్టం తొలినుంచీ అనుమానంతోనే చూసింది. 1943లో, బెంగాల్‌ను మహా కరువు కబళిస్తూ పల్లె జనం తిండి కోసం కలకత్తా వీధులకు చేరిన ఏడాదే, బెంగాల్ వేగ్రన్సీ చట్టం వచ్చింది. వేగ్రన్సీ అంటే నిలకడైన నివాసమూ జీవనాధారమూ లేకుండా తిరగడం. బహిరంగ స్థలంలో భిక్ష అడిగేవారినీ, భిక్ష మీద బతుకుతున్నట్టు కనిపించేవారినీ పట్టుకొని ప్రత్యేక ఆశ్రమాల్లో నిర్బంధించే అధికారాన్ని అది ఇచ్చింది. ఆకలికి కారణమైన పాలనే ఆకలిగొన్నవారిని దోషులుగా నిలబెట్టడం ఈ చట్టంలోని నైతిక వైపరీత్యం. ఆంధ్రప్రదేశ్‌లోనూ 1977లో భిక్షాటన నిరోధక చట్టం చేశారు. 2018లో ఢిల్లీ హైకోర్టు అక్కడ అమలవుతున్న ఇలాంటి నిబంధనలను కొట్టివేయగా, వీధుల్లోంచి బిచ్చగాళ్లను తొలగించమన్న అభ్యర్థనను 2021లో సుప్రీంకోర్టు తిరస్కరిస్తూ పేదరికాన్ని సంపన్నుల చూపుతో చూడలేమన్న వైఖరి తీసుకుంది.

చట్టపు రెండో ముఖం రాజ్యాంగం నుంచి వచ్చింది. 1985లో ఓల్గా టెలిస్ కేసులో, బొంబాయి పేవ్‌మెంట్ల మీద బతికేవారు పనికి దగ్గరగా ఉండటం కోసమే అక్కడ ఉంటున్నారనీ, వారిని తొలగిస్తే జీవనోపాధి పోతుందనీ, 21వ అధికరణం కాపాడే జీవించే హక్కులో జీవనోపాధి కూడా భాగమేననీ సుప్రీంకోర్టు చెప్పింది. అయితే పేవ్‌మెంటును ఆక్రమించే హక్కు ఎవరికీ లేదనీ, నోటీసు ఇచ్చి వాదన విన్నాక తొలగించవచ్చనీ కూడా ఆ తీర్పే చెప్పడం వల్ల, హక్కు పుస్తకంలో నిలిచి మనుషులు వీధిలోనే మిగిలారు.

రైల్వే నేలకు సంబంధించిన కేసులు ఈ చిక్కును మరింత ముందుకు తెచ్చాయి. 2015 డిసెంబరులో ఢిల్లీలోని షకూర్‌బస్తీలో రైల్వే గుడిసెలు కూల్చాక సాగిన అజయ్ మాకెన్ కేసులో, బస్తీవాసులను కేవలం అక్రమ ఆక్రమణదారులుగా చూడకూడదనీ, పునరావాసానికి అర్హులెవరో తేల్చే సర్వే, వారితో సంప్రదింపు జరగకుండా తొలగింపు కుదరదనీ 2019లో ఢిల్లీ హైకోర్టు తేల్చింది. ఉత్తరాఖండ్‌లోని హల్ద్వానీలో రైల్వే నేల మీదున్న వేలాది మందిని వారం రోజుల నోటీసుతో లేపేయడాన్ని 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆపింది. 2024 నవంబరులో ఇళ్ల కూల్చివేతలపై ఇచ్చిన తీర్పులో పదిహేను రోజుల నోటీసు తప్పనిసరి చేస్తూనే, రోడ్డు, ఫుట్‌పాత్, రైలు పట్టాల పక్కనున్న అనధికార కట్టడాలకు ఆ రక్షణ వర్తించదని మినహాయించింది. అందరికంటే బలహీనంగా ఉన్నవారు సరిగ్గా ఆ చోట్లలోనే ఉంటారన్నది ఖరగ్‌పూర్ లాంటి ఊళ్లలో మరువరాని విషయం.

యజమాని వైపు వాదన

రైల్వే వైపు న్యాయం లేదని అనడం సరికాదు. పట్టాల పక్కన బతకడం ప్రమాదకరం. రైల్వే నేల ప్రజల ఆస్తి. రిటైరైనవారు క్వార్టరు వదలకపోతే కొత్తగా చేరిన ఉద్యోగి కుటుంబం అద్దె కొంపల పాలవుతుంది. అందుకే గడువు దాటి ఉన్నవారి మీద దండన అద్దె వేయడం, గ్రాట్యుటీ నిలిపివేయడం, ఉచిత పాసులు తగ్గించడం, చివరకు ప్రభుత్వ భవనాల ఆక్రమణల తొలగింపు కోసం చేసిన 1971 నాటి చట్టం కింద ఎస్టేట్ ఆఫీసరు ద్వారా ఖాళీ చేయించడం అనే పద్ధతులు ఏర్పడ్డాయి. ఒకరి అవసరం మరొకరి అవసరాన్ని తొక్కకూడదన్న సూత్రమే వీటికి ఆధారం.

ఈ వాదన క్వార్టరును తిరిగి తీసుకోవడాన్ని సమర్థిస్తుంది కాని, ఖాళీ చేసిన మనిషి ఎక్కడికి పోతాడన్న ప్రశ్నను పట్టించుకోకపోవడాన్ని సమర్థించదు. ఆర్థిక, సామాజిక హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో భారతదేశం 1979లో చేరింది. దాని అమలును చూసే ఐక్యరాజ్యసమితి సంఘం 1997లో ఇచ్చిన వ్యాఖ్యానం ప్రకారం, న్యాయమైన తొలగింపు అయినా సరే, దాని ఫలితంగా ఎవరూ నిరాశ్రయులు కాకూడదు.

దయా, న్యాయమా

నైతిక బాధ్యతను రెండు దారుల్లో నిరూపించవచ్చు. మొదటిది సహాయ ధర్మం. 1971లో తూర్పు బెంగాల్ నుంచి శరణార్థులు లక్షల సంఖ్యలో పశ్చిమ బెంగాల్‌కు చేరిన సందర్భంలోనే పీటర్ సింగర్ అనే తత్వవేత్త తన ప్రసిద్ధ వ్యాసం రాసి 1972లో ప్రచురించాడు. అంతే విలువైనదేదీ వదులుకోకుండా ఒక ఘోరాన్ని ఆపగలిగినవారు దాన్ని ఆపి తీరాలి, దూరం దానికి మినహాయింపు కాదు అన్నది అతని వాదం. ఈ దారి శక్తిమంతమైనదే అయినా, ఇచ్చేవారిని పైనా, పుచ్చుకునేవారిని కిందా ఉంచుతుంది; మనసు మారితే చేయి కూడా ముడుచుకుంటుంది.

రెండో దారి ఐరిస్ మేరియన్ యంగ్ చూపింది. 2011లో, ఆమె మరణానంతరం వెలువడిన గ్రంథంలో శాండీ అనే ఊహాత్మక తల్లి కనిపిస్తుంది. ఎవరూ ఆమెకు అన్యాయం చేయకపోయినా, ఇంటి యజమాని, బ్రోకరు, అద్దె అడ్వాన్సు నియమం అన్నీ సక్రమంగానే పనిచేస్తుండగా ఆమె ఇద్దరు పిల్లలతో నిరాశ్రయురాలయ్యే స్థితికి వస్తుంది. ఇలాంటిదాన్ని యంగ్ నిర్మాణగత అన్యాయం అంటుంది, అంటే ఏ ఒక్కరి దుర్మార్గం వల్లా కాక, అందరూ నియమాల ప్రకారం నడుచుకున్నా కొందరిని నలిపేసే వ్యవస్థ. అందులో దోషులను వెతకడం కంటే, ఆ వ్యవస్థలో పాలుపంచుకుని లాభపడేవారంతా దాన్ని మార్చే బాధ్యతను పంచుకోవడం ముఖ్యం.

ఖరగ్‌పూర్‌కు రెండో దారే సరిపోతుంది. రైలు కోసం మనుషులను వందల మైళ్ల దూరం నుంచి రప్పించి, వారి శ్రమ మీద ఊరు కట్టి, నేలను మాత్రం తన దగ్గరే ఉంచుకున్న ఏర్పాటు ఇది. 1920ల చివర ఉద్యోగాల కోతకు వ్యతిరేకంగా ఇక్కడి కార్మికులు చేసిన పోరాటంలో ముందు నిలిచిన తెలుగు నాయకుడు, తర్వాతి కాలంలో రాష్ట్రపతి అయిన వి.వి.గిరి. అలాంటి కాలనీలో ఉద్యోగం పోవడమంటే కూలితో పాటు కప్పూ పోవడమే. ఇప్పుడు కాంట్రాక్టు కింద పట్టాల పనీ, స్టేషన్ శుభ్రతా చేసేవారికి క్వార్టరు అన్న మాటే ఉండదు. ఒకప్పుడు జీతంలో భాగంగా వచ్చిన ఇంటిని వ్యవస్థ వెనక్కి తీసుకోగా, దాని ఫలాన్ని ప్రతి ప్రయాణికుడూ అనుభవిస్తున్నాడు. తాగుడు వల్లో సోమరితనం వల్లో కొందరు రోడ్డున పడ్డారన్న ఆక్షేపణకు జవాబు కూడా ఇందులోనే ఉంది: అవే బలహీనతలు ఉన్న ఆస్తిపరుడు ఇల్లు పోగొట్టుకోడు కనుక, తప్పు కొంత మనిషిది కావచ్చు గాని అంత భారీ శిక్ష వ్యవస్థది.

ఎవరి వంతు ఎంత

అందరి బాధ్యత ఎవరి బాధ్యతా కాకుండా పోయే ప్రమాదం ఉంది కనుక దాన్ని పంచి చెప్పాలి. ప్రతి లక్ష పట్టణ జనాభాకూ కనీసం వంద మందికి సరిపడే శాశ్వత ఆశ్రయం, మనిషికి 50 చదరపు అడుగుల చోటుతో ఉండాలని 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ నిర్దేశించింది. 2011లోనే రెండు లక్షలు దాటిన ఖరగ్‌పూర్ మున్సిపాలిటీకి ఆ లెక్కన రెండు వందల పడకలైనా కావాలి. వృద్ధుల కోసం 2007 నాటి చట్టం జిల్లాకు కనీసం ఒక వృద్ధాశ్రమం, అందులో కనీసం 150 మంది నిరుపేదలకు చోటు ఉండేలా ఏర్పాటు చేసే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది. 2017 మానసిక ఆరోగ్య చట్టం నిరాశ్రయులకు ఉచిత చికిత్స పొందే హక్కు ఇవ్వడమే కాక, వీధుల్లో తిరుగుతున్న మానసిక రోగులను రక్షణలోకి తీసుకుని వైద్యానికి చేర్చడాన్ని పోలీసుల విధిగా చేసింది. రైల్వే వంతు మరింత సూక్ష్మమైనది: ఖాళీ చేయించే ముందు స్థానిక సంస్థలతో కలిసి సర్వే చేయడం, కాంట్రాక్టు పనివారి వసతిని కాంట్రాక్టు షరతుల్లో చేర్చడం, రిటైర్మెంటుకు కొన్నేళ్ల ముందే ఉద్యోగి సొంతింటికి దారి చూపడం.

ఆశ్రయం మాత్రం అంతిమ లక్ష్యం కాదు. ముందు మనిషిని మార్చి తర్వాత ఇల్లు ఇవ్వాలన్న పాత పద్ధతిని ఫిన్‌లాండ్ 2008లో తలకిందులు చేసి, ముందు స్థిరమైన అద్దె ఇల్లు, ఆ తర్వాత వైద్యం, ఉద్యోగం అన్న క్రమాన్ని జాతీయ విధానంగా చేపట్టి ఇల్లులేమిని గణనీయంగా తగ్గించింది. మరోవైపు అమెరికా సుప్రీంకోర్టు 2024 జూన్‌లో గ్రాంట్స్ పాస్ కేసులో, వేరే చోటు లేనివారు బయట పడుకున్నా నగరాలు శిక్షించవచ్చని తీర్పునిచ్చింది. సంపద ఉన్నంత మాత్రాన నైతిక నిర్ణయం దానంతటదే సరైన దారిలో నడవదని ఈ రెండు ఉదాహరణలూ కలిసి చెబుతాయి.

న్యూ సెటిల్‌మెంట్ తెలుగు సమాజానికి కూడా ఇందులో వంతు ఉంది. పండుగలకూ ఆలయాలకూ చందాలు పోగుచేసే సంఘాల శక్తి, రిటైరైన ఒంటరివారి పేర్లు నమోదు చేసి వారికి పింఛనూ రేషన్ కార్డూ ఇంటి పథకమూ అందేలా చూడటానికి, నోటీసు వచ్చిన కుటుంబం గడువులోగా జవాబు రాసేలా సాయపడటానికి కూడా పనికొస్తుంది. అయితే సంఘాల సాయం ప్రభుత్వపు విధికి బదులు కాకూడదు; దాతల మీద ఆధారపడే ఇల్లు దాతలు తప్పుకున్న రోజే పోతుంది. ఉద్యోగానికి ముడిపడిన ఇల్లు ఉద్యోగం కంటే ఎక్కువ కాలం నిలవదన్న పాఠాన్ని నూరేళ్లకు పైగా నేర్చుకున్న ఊరు, ఆ ముడిని విప్పి, నివాసాన్ని పనికి ప్రతిఫలంగా కాక పౌరుని హక్కుగా నిలపమని అడగడానికి అందరికంటే ఎక్కువ అర్హత గలది.