అరుదైన మొక్క - అపాయపు అంచనా

ఆల్డ్రోవాండా వేళ్లు లేకుండా మంచినీటిలో తేలుతూ, చిన్న జలచరాలను పట్టి జీర్ణించుకొనే కీటకాహార మొక్క. ఐరోపా, ఆసియా, ఆఫ్రికా, ఆస్ట్రేలియాలకు చెందిన ఈ మొక్క నేడు అంతరించే ప్రమాదంలో ఉన్నది. అయితే మొక్కల ప్రియులు నీటిలో విడువగా, అమెరికాలోని వర్జీనియా, న్యూజెర్సీ, న్యూయార్క్ రాష్ట్రాలలో అది స్థిరపడినది.

అక్కడ దానిని కాపాడవలెనా, అరికట్టవలెనా? ఇది తేల్చుటకు మూడు విషయాలు పరిశీలించాలి. అక్కడి శీతోష్ణస్థితి దానికి అనుకూలమా? విడిపోయిన కొమ్మల నుండి అది ఎంత వేగంగా వ్యాపిస్తుంది? స్థానిక జలచరాలకు, మొక్కలకు హాని కలుగుతుందా?

దక్షిణ అమెరికా నుండి అలంకారం కోసం తెచ్చిన గుర్రపుడెక్క మన చెరువులను కప్పివేసినది. పుట్టినచోట అరుదైన మొక్క కూడా పరాయి నీటిలో బెడద కావచ్చును. కనుక పెంచుకొనే నీటిమొక్కలను చెరువులలో, కాలువలలో విడువరాదు.