పౌర స్పందన వేదిక

ఆంధ్ర ప్రదేశ్‌లో నక్సలైట్ల హింసకు, పోలీసు చర్యలకు నడుమ నలిగిన ప్రజల పక్షాన మాట్లాడేందుకు 1997లో ఏర్పడిన పౌరుల బృందం '''పౌర స్పందన వేదిక'''. విశ్రాంత ఐ.ఎ.ఎస్. అధికారి ఎస్.ఆర్.శంకరన్ దీని కన్వీనరు. 1987లో గుర్తేడు వద్ద నక్సలైట్లు అపహరించిన అధికారులలో ఈయన ఒకడు.

బూటకపు ఎన్‌కౌంటర్లను, ఇన్ఫార్మర్లనే నెపంతో నక్సలైట్లు చేసిన హత్యలను వేదిక సమానంగా ఖండించింది. చట్టాన్ని కాపాడవలసిన ప్రభుత్వం చట్టాన్ని అతిక్రమించరాదనీ, ప్రజల పేరిట పోరాడేవారు ప్రజల ప్రాణాలు తీయరాదనీ దీని వాదన. నక్సలైటు ఉద్యమాన్ని కేవలం శాంతిభద్రతల సమస్యగా గాక సామాజిక సమస్యగా పరిగణించాలని కోరింది.

వేదిక చొరవతో 2004 అక్టోబరులో హైదరాబాదులో ప్రభుత్వానికి, నక్సలైట్లకు మధ్య చర్చలు జరిగాయి. 2005 జనవరిలో నక్సలైట్లు వైదొలగడంతో అవి నిలిచిపోయాయి. అదే ఏడు ఆగస్టు 15న శాసనసభ్యుడు నర్సిరెడ్డి హత్యకు గురి కాగా, మావోయిస్టు పార్టీపై ప్రభుత్వం మళ్ళీ నిషేధం విధించింది. శంకరన్ 2010లో మరణించాడు.