పడవ ఆపితే ప్రమాదం ఆగుతుందా?

కచ్చులూరు ఒకటి, దిండి ఒకటి కాదు
లంక రేవులకూ భద్రత కావాలి

రాజోలు: గోదావరి ఎగువన ఒక బోటు మునిగింది. దిగువన కోనసీమలో బోట్లు కట్టేశారు. 2019 సెప్టెంబరులో జరిగిన సంగతి ఇది. అప్పుడు తలెత్తిన ప్రశ్నకు జవాబు ఇవాళ కూడా అవసరమే.

ఆ నెల 15న గండి పోచమ్మ రేవు నుంచి పాపికొండల యాత్రకు బయలుదేరిన రాయల్ వశిష్ట బోటు దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద మునిగిపోయింది. అందులో 77 మంది ఉంటే ప్రాణాలతో బయటపడింది 26 మందే. గోదావరిలో అప్పటికి దాదాపు 5 లక్షల క్యూసెక్కుల వరద పారుతోంది. ఏటి అడుగున చిక్కుకున్న బోటును అక్టోబరు 22న కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం బయటికి తీసింది.

ప్రమాదం జరగగానే ప్రభుత్వం పర్యాటక బోట్లన్నింటినీ ఆపేసింది. విచారణ జరిగేదాకా ఆపడంలో తప్పు లేదు. తప్పల్లా అన్ని రేవులనూ ఒకే గాటన కట్టడంలో ఉంది.

ఏరు ఒకటే, తీరు వేరు

కచ్చులూరు వద్ద గోదావరి కొండల నడుమ ఇరుకున పారుతుంది. వరద కాలంలో అక్కడ సుడులు తిరుగుతుంది. మలికిపురం మండలం దిండి వద్దకు వచ్చేసరికి అదే నీరు ధవళేశ్వరం బ్యారేజీ దాటి, వశిష్ట పాయగా విశాలంగా పరుచుకుంటుంది. వరద లేని రోజుల్లో ఇక్కడ నీటిని నడిపేది సముద్రపు పోటు, పాటులే.

దిండి రిసార్టుకు జనం వచ్చేది కొబ్బరితోటలు చూడడానికి మాత్రమే కాదు, హౌస్‌బోటు ఎక్కడానికి కూడా. బోటు లేదంటే ఒక పూట ఉండి వెళ్ళిపోతారు. ఆ నష్టం సరంగుతో ఆగదు. బోటులో వంట చేసేవారికీ, ఆటో తోలేవారికీ, రోడ్డు పక్కన బొండాలు కొట్టి అమ్మేవారికీ పని పోతుంది.

పంటు నేర్పిన పాఠం

ఆపడానికీ నడపడానికీ పద్ధతి ఇక్కడి వారికి కొత్త కాదు. సఖినేటిపల్లి - నరసాపురం రేవులో పంటు నడుస్తుంది. అంతర్వేది నరసింహస్వామి భక్తులు ఎందరో దాని మీదే వస్తారు. వరద పెరిగితే పంటు ఆపుతారు. అప్పుడు జనం చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్తారు. వరద తీస్తే పంటు మళ్ళీ కదులుతుంది. అదే వశిష్టలో పంటుకు పనికొచ్చే పద్ధతి పర్యాటక బోటుకు ఎందుకు పనికిరాదు?

ధవళేశ్వరంలో 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండవది, 17 లక్షలకు మూడవది ఇస్తారు. ఈ లెక్కలు లంక పల్లెల్లో పిల్లలకు సైతం తెలుసు. 1986, 2022 వరదలు చూసినవారికి గోదావరి కోపం గురించి ఎవరూ చెప్పనక్కరలేదు. బోట్లను మొదటి హెచ్చరిక రాకముందే, ఏ మట్టానికి ఆపాలో రేవు రేవుకూ నిర్ణయించి బోర్డు మీద రాసిపెడితే సరిపోతుంది.

లంక పిల్లల మాటేమిటి?

పర్యాటకుల బోటు ఆపినంత మాత్రాన ఏటి మీద భద్రత వచ్చినట్టు కాదు. 2018 జులై 14న ఐ.పోలవరం మండలం పశువుల్లంక వద్ద బడి పిల్లలతో వస్తున్న పడవ నిర్మాణంలో ఉన్న వంతెన స్తంభాన్ని ఢీకొని తిరగబడింది. విద్యార్థినులు గల్లంతయ్యారు. వారు విహారానికి వెళ్ళినవారు కాదు, బడి నుంచి ఇంటికి వస్తున్నవారు. వంతెన లేని లంకలకు పడవే దారి. దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. బాగుచేయడమే మార్గం.

కచ్చులూరు ఘటన తర్వాత ప్రభుత్వం బోట్ల కోసం కంట్రోల్ రూములు తలపెట్టింది. 2020లో 9 చోట్ల వాటికి శ్రీకారం చుట్టింది. గండి పోచమ్మ, పేరంటాలపల్లి వంటి ఎగువ రేవులు అందులో ఉన్నాయి. పాపికొండల యాత్రను షరతులతో మళ్ళీ అనుమతించింది. అంటే నిషేధం కన్నా నిఘా మేలని సర్కారే ఒప్పుకున్నట్టయింది.

ఆ నిఘా కోనసీమ రేవులకూ రావాలి. పడవ గట్టిదో కాదో ఏటా చూడాలి. ఎందరు ఎక్కవచ్చో పడవ మీదే రాయాలి. పర్యాటకుడికైనా, బడి పిల్లకైనా లైఫ్ జాకెట్టు వేశాకే తాడు విప్పాలి. 2022 ఏప్రిల్ 4 నుంచి కోనసీమకు అమలాపురం కేంద్రంగా సొంత జిల్లా ఉంది. రేవు ఎలాంటిదో, ఏరు ఎలాంటిదో చూసి ఉత్తర్వులు ఇవ్వడానికి ఇక దూరం అడ్డు కాదు. అధికారులు రేవుకు రావాలి.