కంపెనీ కాగితాలలో దాగిన చరిత్ర

చరిత్రకు ఆధారాలేవని అడిగితే విద్యార్థులు శిలాశాసనాలనూ, తామ్రపత్రాలనూ, కైఫీయతులనూ పేర్కొంటారు. అది సమంజసమే. కాని వర్తక సంస్థలు ఏటేటా ప్రభుత్వానికి దాఖలు చేసే పత్రాలు కూడ ఆ కోవలోనివేనని తలచేవారు అరుదు. ఏ రాజు ఏ అగ్రహారాన్ని ఎవరికి ధారవోసినాడో శాసనం చెప్పినట్లే, ఒక గని ఎవరి సొత్తయినదో, ఒక బ్యాంకుకు మూలధనం ఎవరు సమకూర్చినారో ఈ పత్రాలు తెలుపుతవి.

ఈ పద్ధతికి మూలం ఇంగ్లండులో 1844లో వచ్చిన చట్టం. అప్పటి వర్తక మండలి అధ్యక్షుడు గ్లాడ్‌స్టన్. బూటకపు కంపెనీలు పెట్టి ప్రజల సొమ్ము అపహరించే మోసగాండ్రకు విరుగుడు బహిరంగత ఒక్కటే నని ఆనాటి శాసనకర్తలు భావించినారు. కంపెనీలను నమోదు చేసేందుకు రిజిస్ట్రారు అనే అధికారి ఏర్పడినాడు. 1855లో పరిమిత బాధ్యతా సూత్రం చట్టమైనది. కంపెనీ దివాలా తీసినా, వాటాదారు తాను ఒప్పుకొన్న వాటా సొమ్ము మేరకే బాధ్యుడన్నది దాని సారాంశం. లోకం ఇంతటి రక్షణ కల్పించినప్పుడు లోకానికి లెక్క చెప్పవలసిన విధి కూడ కంపెనీకి ఉన్నది గదా! మన దేశంలో 1850లో కంపెనీల నమోదుకూ, 1857లో పరిమిత బాధ్యతకూ చట్టాలు వచ్చినవి. ఆ పరంపరలోనివే 1866, 1882, 1913, 1956, 2013 సంవత్సరాల చట్టాలు.

ఇంగ్లండులో 1862 నాటి చట్టం ప్రకారం ప్రతి కంపెనీ ఏడాదికొకసారి తన వాటాదారుల జాబితాను రిజిస్ట్రారుకు సమర్పించవలె. ఒక్కొక్కరి పేరు, చిరునామా, వృత్తి, వాటాల సంఖ్య అందులో ఉండవలె. వాటాలపై ఎంత సొమ్ము వసూలైనది, ఎంత బకాయి పడినది, ఎన్ని వాటాలు జప్తయినవి అన్న వివరాలతో ఒక సంగ్రహం జతపరచవలె. చూపునకు ఇవి నిస్సారమైన పట్టికలు. వరుసగా నాలుగైదేండ్ల జాబితాలను ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే మాత్రం వాటిలో కదలిక కనిపిస్తుంది. ఎవరు ఎప్పుడు చేరినారు, ఎవరు ఎప్పుడు అమ్ముకొని తొలగినారు, యాజమాన్యం ఏ చేతినుండి ఏ చేతికి మారినది అన్నవి క్రమంగా తేటపడుతవి.

పరిశోధకుడు మొదట నేర్వవలసినది మూలధనమనే మాటలోని భేదాలు. అధీకృత మూలధనం ఆశ. చెల్లించిన మూలధనం వాస్తవం. భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు అధీకృత మూలధనం 10 లక్షల రూపాయలు. చెల్లించిన మూలధనం 1 లక్ష. ఇందులో దోషమేమీ లేదు. చిన్న పెట్టుబడితో పెరిగిన ఆ సంస్థ 2020లో యూనియన్ బ్యాంకులో విలీనమగునంతవరకు నిలిచినది. కాని ఈ రెండు అంకెలలో దేనిని చూస్తున్నాడో తెలియనివాడు చరిత్రను పది రెట్లు పెంచి వ్రాయగలడు.

ఈ భేదమే ఒకసారి హైదరాబాదు రాజ్యాన్ని కుదిపివేసినది. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు నిక్షేపాలను కనుగొన్నాడు. 1886లో గనుల హక్కులు వాట్సన్, స్టివార్ట్ అనే వారికి దక్కినవి. లండనులో హైదరాబాద్ (దక్కన్) కంపెనీ నమోదైనది. దాని నామమాత్రపు మూలధనం 10 లక్షల పౌన్లు. 10 పౌన్ల చొప్పున 1 లక్ష వాటాలు. అందులో 85,000 వాటాలు పూర్తిగా చెల్లించినట్లుగా హక్కుదారులకే ముట్టినవి. నిజాం ప్రభుత్వం కూడ వాటాలు కొన్నది. ఆ వాటాలు, ప్రభుత్వం తరఫున వ్యవహారం నడిపిన సర్దార్ అబ్దుల్ హక్ సొంతానివేనని తరువాత బయటపడినది. 1888లో బ్రిటిష్ కామన్స్ సభ ఈ విషయంపై విచారణ సంఘాన్ని నియమించవలసి వచ్చినది. ప్రజల సొత్తయిన ఖనిజ సంపదను కాగితపు వాటాలుగా మార్చి ఖజానాకే అమ్మిన తీరు ఇది.

అప్పటికే ఇంగ్లండులో 1867 నాటి చట్టం ఒక నియమం విధించినది. రొక్కం చెల్లించకుండ వాటా పొందదలచినవాడు, అందుకు ఆధారమైన ఒప్పందాన్ని లిఖితపూర్వకంగా రిజిస్ట్రారు వద్ద దాఖలు చేయించుకొనవలె. కనుక ఆ కాలపు కంపెనీని పరిశీలించేవారు జాబితాతో తృప్తిపడరాదు. ఒప్పంద పత్రాన్ని కూడ వెదకవలె. రొక్కమిచ్చినవాడెవడో, రాతతో సరిపెట్టినవాడెవడో అక్కడ తేలుతుంది.

అయితే ఈ ఆధారాలకు హద్దులున్నవి. జాబితాలోని పేరు నమోదైన వాటాదారునిదే గాని నిజమైన యజమానిది కాకపోవచ్చు. బినామీ అన్న మాట మనకు కొత్తది కాదు. ఇంగ్లండులో ఆస్తి అప్పుల పట్టీని దాఖలు చేయవలెనన్న నిబంధన 1862 నాటి చట్టంలో లేదు, 1907 చట్టంతో వచ్చినది. కనుక అంతకు పూర్వపు పత్రాలలో లాభనష్టాలు వెదకుట వ్యర్థం. రద్దయిన కంపెనీల దస్త్రాలు లండను శివారున ఉన్న క్యూలోని జాతీయ అభిలేఖాగారంలో ఉన్నవి గాని, అన్నీ లేవు. చాల వాటిని తొలగించి కొన్నిటిని మచ్చుకు నిలిపినారు. నిలిచిన దస్త్రాలలో కూడ సాధారణంగా మొదటి జాబితా, కడపటి జాబితా, నడుమ కొన్ని మాత్రమే మిగిలినవి.

మనవైపు పరిశోధకునికి మరికొన్ని చిక్కులున్నవి. మద్రాసు రాజధానిలో ఉండిన ఆంధ్ర జిల్లాల పాత ప్రభుత్వ పత్రాలకు చెన్నైలోని ఎగ్మూరు అభిలేఖాగారానికి వెళ్ళవలె. నిజాం రాజ్యపు పత్రాలు హైదరాబాదులో తార్నాకలో ఉన్నవి. వాటిలో పెక్కు పారసీ, ఉర్దూ భాషలలోనివి. కాలగణన ఫస్లీ సంవత్సరాలలో ఉంటుంది. ఫస్లీకి 590 కలిపితే ఇంచుమించుగా క్రీస్తు శకం వస్తుంది. సింగరేణి కాలరీస్ కంపెనీ 1920లో నమోదైనది 1320 ఫస్లీ నాటి హైదరాబాదు కంపెనీల చట్టం క్రిందనే. ఆ లెక్క తెలియనివాడు చట్టాన్ని ఆరు శతాబ్దాలు వెనుకకు నెట్టగలడు!

మన దేశంలో 2006 నుండి కంపెనీల దాఖలాలు కంప్యూటరు ద్వారా జరుగుతున్నవి. 2013 చట్టం క్రింద వార్షిక సర్వసభ్య సమావేశం జరిగిన 60 దినాలలో వార్షిక వివరణనూ, 30 దినాలలో ఆర్థిక నివేదికలనూ దాఖలు చేయవలె. రుసుము చెల్లించి వాటిని ఎవరైనా పరిశీలించవచ్చు. క్రొత్త పత్రాలకు ఇంతటి సౌకర్యం అమరినది. అంతకు పూర్వం పట్టణాలలో వెలసి అణగారిన విద్యుత్తు కంపెనీలు, మిల్లులు, చిట్టి బ్యాంకుల కాగితాలు మాత్రం మూలల్లో చివికిపోతున్నవి. వాటాదారుల వారసుల ఇండ్లలో పాత వాటాపత్రాలు, వార్షిక నివేదికలు నేటికీ పెట్టెల అడుగున కనిపిస్తవి. ఉపాధ్యాయులు తమ ఊరి కంపెనీ నొకదానిని ఎన్నుకొని, అట్టి పత్రాలకు నకళ్ళు వ్రాయించి, తేదీ, స్థలం, ఎవరివద్ద లభించినదీ గుర్తుంచి పాఠశాల గ్రంథాలయంలో భద్రపరచవచ్చు. చెదలు పట్టిన తరువాత ఆ ఊరి సొమ్ము ఎవరు కూర్చినారో, ఎవరు పోగొట్టుకొన్నారో చెప్పగల సాక్షి మరొకటి దొరకదు.